వైకుంఠపాళిలో నిచ్చెన వేసే మనిషి

బ్రెజిల్ ఫుట్‌బాల్ అనగానే మనకి గుర్తొచ్చేవన్నీ పసుపు చొక్కాలే. పీలే, జికో, రొమారియో, రొనాల్డో, రొనాల్డినో... కోచ్‌ల సంగతి ఎవడికి పట్టింది? మహా అయితే 2002 వరల్డ్ కప్ గెలిపించిన మీసాల స్కొలారీ గుర్తుంటాడు. నాదీ అదే బాపతు. జివనిల్దో ఒలివెయిరా అనే పేరు నాకు తగిలింది గిల్బెర్టో సిల్వా వల్ల.

ఆర్సెనల్ చూసినవాళ్ళకి గిల్బెర్టోని పరిచయం చెయ్యక్కర్లేదు. 2003-04 సీజన్లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడని ఆ జట్టులో మిడ్‌ఫీల్డ్‌కి కాపలా ఆయనే. అంతకుముందు 2002 వరల్డ్ కప్ గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆయన చరిత్ర చదువుతుంటే ఒక సంగతి బయటపడింది. కుర్రతనంలో ఇల్లు గడవక ఆట మానేసి మిఠాయిల ఫ్యాక్టరీలో పనిచేశాడట. 1997లో మళ్ళీ ఆటలోకి వచ్చి చేరిన క్లబ్బు బెలో హొరిజొంటె నగరంలోని అమెరికా. (దేశం కాదండీ, క్లబ్బు పేరే అమెరికా. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో ఉంది కాబట్టి అమెరికా మినేరో అంటారు.) ఆ ఏడాదే ఆ క్లబ్బు బి డివిజన్ కప్పు కొట్టి ఎ డివిజన్‌కి ఎక్కింది. కోచ్ ఎవరా అని చూస్తే ఈ జివనిల్దో.

సరే ఎవరో ఒకాయన అనుకుని వదిలేద్దామనుకున్నా. కానీ వేరే క్లబ్బుల చరిత్రలు తిరగేస్తుంటే అదే పేరు మళ్ళీ మళ్ళీ కనబడటం మొదలెట్టింది. 2001లో పైసాండూ పైకెక్కింది, కోచ్ జివనిల్దో. 2005లో శాంతా క్రూజ్, కోచ్ జివనిల్దో. 2006లో స్పోర్ట్, మళ్ళీ ఆయనే. 2015లో అమెరికా ఇంకోసారి, అప్పుడూ ఆయనే. ఎ డివిజన్‌కి మొత్తం ఐదు ప్రమోషన్లు. బ్రెజిల్‌లో ఆయనకి 'ప్రమోషన్ల రాజు' అని పేరే ఉంది. మరి ఎ డివిజన్ ఛాంపియన్ల జాబితాలో ఆ రాజుగారి పేరు ఎక్కడ? వెతికాను. లేదు.

ఎందుకు లేదన్నది తెలియాలంటే అక్కడి పద్ధతి కొంచెం తెలియాలి. మన ఐపీఎల్‌లో అట్టడుగున వచ్చినా వచ్చే ఏడాది మళ్ళీ దర్జాగా ఆడొచ్చు. అక్కడ అలా కుదరదు. ఎ, బి, సి, డి అని డివిజన్లు ఉంటాయి. 2006 నుంచి ఎ డివిజన్‌లో 20 జట్లు, ఏటా నాలుగు కిందకి జారితే నాలుగు పైకి వస్తాయి. అంతకుముందు ఇంకా ఘోరం, 2001లో గానీ 2005లో గానీ బి నుంచి పైకెక్కేవి రెండే రెండు. చిన్నప్పుడు గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడిన వైకుంఠపాళే ఇది. కాకపోతే ఇక్కడ పాము కరిస్తే ఆటగాళ్ళు వెళ్ళిపోతారు, టీవీ డబ్బులు వెళ్ళిపోతాయి, జీతాలు ఆగిపోతాయి. ఇది చాలదన్నట్టు దేశవాళీ లీగ్‌కి ముందు ఏటా ఎవరి రాష్ట్రంలో వాళ్ళకి ఛాంపియన్‌షిప్ వేరే ఉంటుంది. ఆ పోటీల పరువు మన దగ్గర రంజీ ట్రోఫీకున్నట్టు ఉండదు, ఊళ్ళో పక్క వీధి వాడి చేతిలో ఓడిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

జివనిల్దో 1948లో ఒలిండాలో పుట్టాడు. ఈశాన్య బ్రెజిల్‌లోని పెర్నాంబూకో రాష్ట్రం, రెసీఫె నగరాన్ని ఆనుకుని ఉన్న పాత ఊరు. రెసీఫెలో మూడు పెద్ద క్లబ్బులు: శాంతా క్రూజ్, స్పోర్ట్, నౌటికో. (శాంతా క్రూజ్ అంటే ముంబైలో లోకల్ ట్రైన్ ఆగే చోటు కాదు. వీళ్ళ గుర్తు ఎరుపు, నలుపు, తెలుపు చారల పాము. వైకుంఠపాళి అన్నానని కాదు, నిజంగానే పాము.) ఆటగాడిగా ఆయన శాంతా క్రూజ్ తయారుచేసిన మనిషి. డిఫెండర్ల ముందు నిలబడి అవతలివాళ్ళ దాడిని విరిచి, బంతి లాక్కుని పక్కవాడికి అందించే స్థానం. గిల్బెర్టోదీ అదే స్థానం కావడం కాకతాళీయమే అయ్యుండొచ్చు. 1969 నుంచి 1973 దాకా వరసగా ఐదేళ్ళు రాష్ట్ర ఛాంపియన్ అయిన జట్టు అది. 1975లో ఆ జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. అక్కడ సొంత మైదానం అరూడాలో క్రుజేరో చేతిలో 3-2తో ఓడింది.

తర్వాతి ఏడాది అందరు మంచి ఆటగాళ్ళలాగే ఈయన్నీ దక్షిణాది లాక్కుపోయింది. అప్పుడూ ఇప్పుడూ బ్రెజిల్లో డబ్బంతా సావ్ పావ్లో, రియో చుట్టూ ఉంది. ఈశాన్యంలో పుట్టినవాడు పైకి రావాలంటే బస్సెక్కాలి. 1976లో కొరింథియన్స్‌కి వెళ్ళాడు, అదే ఏడాది బ్రెజిల్ జాతీయ జట్టుకీ ఆడాడు. డిసెంబర్ 5న రియోలోని మారకనాలో ఫ్లూమినెన్సెతో సెమీఫైనల్. కొరింథియన్స్ కోసం సావ్ పావ్లో నుంచి దాదాపు 70 వేలమంది అభిమానులు బస్సుల్లో, కార్లలో రియోకి తరలి వెళ్ళారు. ఇప్పటికీ దాన్ని 'దండయాత్ర' అనే పిలుస్తారు. పెనాల్టీల్లో గెలిచిన ఆ జట్టు మధ్యలో జివనిల్దో ఉన్నాడు. వారం తర్వాత ఫైనల్లో ఇంటర్నేషనల్ చేతిలో 2-0తో ఓడారు. 1977 అక్టోబర్ 13న కొరింథియన్స్ 23 ఏళ్ళ కరువు తీర్చుకుని సావ్ పావ్లో రాష్ట్ర కప్పు గెలిచింది. ఊరంతా రోడ్ల మీదే. ఆ రాత్రి మైదానంలో జివనిల్దో లేడు.

ఈ 'లేడు' అన్న మాటని గుర్తుపెట్టుకోండి, ఇంకా చాలాసార్లు వస్తుంది.

ఆట చివరి రోజుల్లో మళ్ళీ సొంత గడ్డకే వచ్చి శాంతా క్రూజ్‌కి, తర్వాత స్పోర్ట్‌కి ఆడి, అక్కణ్ణుంచే కోచింగ్‌లోకి దిగాడు. 1994లో స్పోర్ట్‌తో ఈశాన్య కప్పు గెలిచినప్పుడు జట్టులో ఒక కుర్రాడుండేవాడు, జునిన్యో అని. తర్వాత ఫ్రాన్సులో లియోన్ జట్టుకి వరసగా ఏడు లీగ్ టైటిళ్ళు తెచ్చినవాడు, ఫ్రీకిక్కుల జునిన్యో. కుర్రాళ్ళ చేతికి జట్టు ఇవ్వడానికి ఈ కోచ్ భయపడలేదన్నమాట. ఆ కుర్రాళ్ళు పెద్దవాళ్ళయ్యాక ఎక్కడ మెరిశారన్నది వేరే విషయం.

ఇక పైసాండూ. నాకు మొత్తం కథలో బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను.

బెలెం నగరం అమెజాన్ నది సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఉంటుంది. సావ్ పావ్లో నుంచి విమానంలో సుమారు 2500 కిలోమీటర్లు. అంత దూరం ప్రయాణం చేసి, ఆ ఉక్కపోతలో ఆడటం దక్షిణాది జట్లకి నరకం. కానీ బెలెం జట్లు ప్రతి రెండో మ్యాచ్‌కి ఆ దూరం వెళ్ళాలి కదా, ఆ లెక్క ఎవరూ వెయ్యరు. 1987లో పెద్ద క్లబ్బులు పదమూడు కలిసి ఒక కూటమి కట్టి టీవీ ఒప్పందాలు చేతిలోకి తీసుకున్నాయి. అందులో ఈశాన్యం నుంచి ఉన్నది బయియా ఒక్కటే, అమెజాన్ వైపు నుంచి ఎవరూ లేరు. డబ్బు ఎటు ప్రవహించిందో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి ఊళ్ళో పైసాండూ 2001లో జివనిల్దో చేతిలో బి డివిజన్ గెలిచింది. 2002లో రాష్ట్ర కప్పు, ఉత్తర ప్రాంత కప్పు కూడా గెలిచింది. ఉత్తర ప్రాంత విజేతగా 'ఛాంపియన్ల కప్పు'లో అడుగుపెట్టింది. ప్రాంతీయ విజేతలందరూ ఆడే ఆ పోటీ 2000 నుంచి 2002 దాకా మూడేళ్ళే జరిగింది. కప్పు ముక్క కోసం కాదు అందరి ఆరాటం, గెలిచినవాళ్ళకి దక్షిణ అమెరికా ఖండం మొత్తానికి పెద్ద పోటీ అయిన లిబర్టడోరెస్‌లో చోటు దొరుకుతుంది. సెమీఫైనల్లో పాల్మెయిరాస్‌ని కొట్టారు. ఫైనల్లో క్రుజేరో. బెలెంలో మొదటి మ్యాచ్ క్రుజేరో 2-1తో గెలిచింది. సొంత ఊళ్ళో ఓడాక ఇంకేముంది, అందరూ అయిపోయిందనే అనుకుని ఉంటారు. రెండో మ్యాచ్ ఆగస్ట్ 4న ఫోర్టలేజాలో. పైసాండూ 4-3తో గెలిచింది. ముసలి గుర్రం లాంటి స్ట్రైకర్ వాండిక్ మూడు గోల్స్ కొట్టాడు. రెండు మ్యాచ్‌లూ కలిపి సమానం, పెనాల్టీలు. అక్కడ 3-0. క్రుజేరో ఒక్కటంటే ఒక్కటి కూడా వెయ్యలేకపోయింది. యోకొహామాలో బ్రెజిల్ వరల్డ్ కప్ ఎత్తి అప్పటికి నెల రోజులు దాటింది, దేశమంతా ఇంకా ఆ మత్తులోనే ఉంది. ఈ ఊరు మాత్రం తన సొంత వరల్డ్ కప్ తను గెలుచుకుంది.

తర్వాతి ఏడాది 2003 ఏప్రిల్ 24న పైసాండూ బ్యూనస్ ఎయిరెస్‌లో బోకా జూనియర్స్‌ని, అదీ వాళ్ళ సొంత కోట బొంబొనేరాలో, 1-0తో ఓడించింది. గోల్ ఇయార్లే. ఆ మైదానంలో నెగ్గి బయటపడటం ఎంత కష్టమో ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి తెలుసు. రెండో మ్యాచ్‌లో బోకా బెలెం వచ్చి 4-2తో గెలిచి పగ తీర్చుకుంది, చివరికి కప్పూ వాళ్ళే తీసుకెళ్ళారు. పైసాండూ పేరు చెబితే ఈనాటికీ జనం చెప్పుకునేది ఆ బొంబొనేరా రాత్రి గురించే. ఇయార్లేని బోకా వాళ్ళే కొనుక్కున్నారు. ఆ రాత్రి పైసాండూ బెంచీ మీద కోచ్‌గా ఉన్నది ఉరుగ్వే మనిషి దారియో పెరెయిరా.

జివనిల్దో లేడు.

ఇక్కడ నా సోది కొంచెం. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో గో-లైవ్‌కి ఆరు వారాల ముందు ఒక పెద్దాయన్ని కాంట్రాక్టు మీద తెచ్చారు. అప్పటికి టెస్టింగ్‌లో రోజుకి ముప్ఫై బగ్గులు, క్లయింటు కాల్ అంటే అందరికీ కడుపులో తిప్పేది. ఆయన వచ్చి అరిచింది లేదు, కొత్త ప్రాసెస్ పెట్టింది లేదు. ఏది ఆపాలో, ఏది వదిలెయ్యాలో చెప్పాడు, అంతే. గో-లైవ్ అయింది. రెండో వారంలో ఆయన కాంట్రాక్టు అయిపోయింది. థాంక్స్ మెయిల్‌లో పదిహేడు పేర్లున్నాయి, ఆయనది లేదు. నాకు ఆరోజు చాలా కోపం వచ్చింది. కానీ ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: ఆయన ఒక్క డాక్యుమెంటు కూడా రాయలేదు. తర్వాత ఏడాది సపోర్టులో మేం పడ్డ పాట్లలో సగం ఆయన తొందరగా వేసిన అతుకుల వల్లే.

ఆయన గుర్తొచ్చే నేను జివనిల్దో గురించి ఇంత చదివానేమో.

2005 నవంబర్ 26, శనివారం. ఇది ఫుట్‌బాల్ పిచ్చోళ్ళకి బాగా తెలిసిన తేదీయే. బి డివిజన్ చివరి రోజు, మిగిలిన నాలుగు జట్లలో రెండు పైకి వెళ్తాయి. రెసీఫెలోనే రెండు మైదానాల్లో రెండు మ్యాచ్‌లు. అఫ్లిటోస్‌లో నౌటికో మీద దక్షిణాది దిగ్గజం గ్రేమియో. అరూడాలో శాంతా క్రూజ్ మీద పోర్చుగీసా. అఫ్లిటోస్‌లో జరిగింది సినిమాలో పెడితే మనం నమ్మం. గ్రేమియోకి నలుగురు రెడ్ కార్డులతో బయటికి పోయి ఏడుగురే మిగిలారు. నౌటికోకి రెండు పెనాల్టీలు దొరికాయి, రెండూ పోగొట్టుకున్నారు. గొడవలతో ఆట చాలాసేపు ఆగిపోయింది. మళ్ళీ మొదలయ్యాక ఏడుగురితో ఆడుతున్న గ్రేమియోకే ఆండర్సన్ అనే కుర్రాడు (తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆడినవాడే) గోల్ కొట్టాడు. దానిమీద డాక్యుమెంటరీ కూడా తీశారు.

అదే సాయంత్రం, అదే ఊళ్ళో, అరూడాలో శాంతా క్రూజ్ 2-1తో పోర్చుగీసాని ఓడించి ఎ డివిజన్‌కి ఎక్కింది. అక్కడ ఆట ఎప్పుడో అయిపోయింది. అఫ్లిటోస్ మ్యాచ్ అలాగే 0-0తో ముగిస్తే ఛాంపియన్ శాంతా క్రూజే. జనం అప్పుడే ఛాంపియన్లమన్నట్టు సంబరాలు మొదలుపెట్టేశారు. అంతలో ఆండర్సన్ గోల్. కప్పు గ్రేమియోకి పోయింది, ప్రమోషన్ మాత్రం మిగిలింది. ముప్ఫై ఏళ్ళ కింద అదే అరూడాలో సెమీఫైనల్ ఓడిన ఆటగాడు ఇప్పుడు కోచ్‌గా అదే గడ్డ మీద నిలబడ్డాడు. తన క్లబ్బుని పైకి తెచ్చిన రోజు ప్రపంచమంతా పక్క మైదానం వైపు చూస్తోంది. అదృష్టం అంటే ఇలా ఉండాలి!

మరుసటి ఏడాది ఇంకా చిత్రం. 2006లో జివనిల్దో బి డివిజన్‌లో పైకి తెచ్చింది స్పోర్ట్‌ని, అంటే శాంతా క్రూజ్ బద్ధశత్రువుని. అదే సీజన్లో శాంతా క్రూజ్ ఎ డివిజన్‌లో అట్టడుగున నిలిచి కిందకి జారింది. జారడం అంటే అలా ఇలా కాదు, 2006, 2007, 2008 వరసగా మూడుసార్లు పాము నోట్లో పడి డి డివిజన్‌లో తేలింది. అయినా ఆ జనం క్లబ్బుని వదల్లేదు. 2011లో డి డివిజన్‌లో ఆడుతున్న శాంతా క్రూజ్ సగటు ప్రేక్షకుల సంఖ్య ఆ ఏడాది బ్రెజిల్లో ఏ ఎ డివిజన్ క్లబ్బుకీ లేదు. ఇక స్పోర్ట్ 2008లో కొరింథియన్స్‌ని ఓడించి బ్రెజిల్ కప్పు గెలిచింది. కోచ్ నెల్సిన్యో బప్టిస్టా.

పైకి తెచ్చినవాణ్ణి పైన ఎందుకు ఉంచరు? మొదట్లో ఇది ఒట్టి కృతఘ్నత అనిపించింది. తర్వాత చూస్తే అంత తేలిక కాదు. బి డివిజన్ గెలవడానికి కావాల్సినవి వేరు: గట్టి డిఫెన్స్, ఇంటి దగ్గర గెలుపు, బయట డ్రా, వారానికి రెండు ఆటలు ఆడి, విమానాల్లో తిరిగి కూడా కూలిపోని జట్టు. జివనిల్దో అందులో దిట్ట. పైకి వెళ్ళాక ఎదురుగా ఉండేది బడ్జెట్‌లో ఎన్నో రెట్లు పెద్దవాడు. బి డివిజన్‌లో బాగా ఆడినవాడు అప్పటికే పెద్ద క్లబ్బుకి వెళ్ళిపోయి ఉంటాడు. మొదటి ఐదారు ఆటల్లో నాలుగు ఓడితే అధ్యక్షుడి చేతిలో ఉన్న మందు ఒకటే. పదకొండుమంది ఆటగాళ్ళని మార్చడం కంటే ఒక్క కోచ్‌ని మార్చడం చవక. బ్రెజిల్లో ఈ జబ్బు ఎంత ముదిరిందంటే 2021లో ఎ డివిజన్‌లో సీజన్‌కి ఒక్కసారే కోచ్‌ని తీసెయ్యాలని రూల్ పెట్టారు. క్లబ్బులు ఏం చేశాయి? తీసేస్తూనే 'పరస్పర అంగీకారం' అని కాగితం మీద రాసుకున్నాయి. మన హెచ్ఆర్ వాళ్ళకి తెలియని విద్యేం కాదు. ఏడాది తిరిగేసరికి ఆ రూలే లేదు.

అయితే జివనిల్దోని ఒట్టి బాధితుడిగా చూపించడం కూడా నాకు ఇష్టం లేదు. 2009లో అమెరికాని సి డివిజన్ గెలిపించాడు. రెండేళ్ళ ముందు సొంత రాష్ట్ర పోటీలోనే రెండో స్థాయికి దిగజారిన క్లబ్బు అది. 2015లో అదే క్లబ్బుని ఎ డివిజన్‌కి తెచ్చాడు. 2016 మేలో రాబిన్యో లాంటి వాళ్ళున్న అట్లెటికోని ఫైనల్లో ఓడించి, 2001 తర్వాత మొదటిసారి రాష్ట్ర కప్పు తెచ్చాడు. మరో వారానికి ఎ డివిజన్ మొదలైంది. కొద్ది వారాలకే ఆయన్ని తీసేశారు. అరవై ఏడేళ్ళ మనిషి, చేతిలో కప్పు ఇంకా చల్లారలేదు. కొత్తవాళ్ళు వచ్చారు, అయినా జట్టు ఇరవయ్యో స్థానంలోనే ముగించింది. దీన్నిబట్టి తప్పు కోచ్‌ది కాదని వాదించొచ్చు. కానీ ఆయన ఉండుంటే నిలబెట్టేవాడని చెప్పడానికి నా దగ్గర ఆధారం ఏదీ లేదు. ఎ డివిజన్‌లో ఆయన జట్లు మొదలుపెట్టిన తీరు చూస్తే, కింద పనికొచ్చిన పద్ధతినే పైనా నమ్ముకున్నాడేమో అనిపిస్తుంది.

2018 నవంబర్‌లో అమెరికా మళ్ళీ ఎ డివిజన్ నుంచి జారిపోయేలా ఉంటే, లీగ్ చివర్లో కొద్ది ఆటలే మిగిలుండగా మళ్ళీ ఈయనకే ఫోను చేశారు. వయసు డెబ్భై. వద్దనొచ్చు కదా? వెళ్ళాడు. చివరి ఆట డిసెంబర్ 2న, మారకనాలో, ఫ్లూమినెన్సెతో. 1976లో కొరింథియన్స్ చొక్కాతో పెనాల్టీల్లో గెలిచింది ఇదే మైదానంలో, ఇదే జట్టు మీద. ఈసారి అమెరికాకి పెనాల్టీ వచ్చింది, లువాన్ కొట్టాడు, గోలీ ఆపేశాడు. 1-0తో ఓడి కిందకి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళూ పైకెక్కిన తర్వాత జరిగే ఫోటోల్లో లేని మనిషి, జారిపోయిన రోజు ఫోటోలో మాత్రం ఉన్నాడు. తర్వాతి ఏడాది బి డివిజన్ మొదలైన కొత్తలోనే ఆయన్ని మళ్ళీ పంపించేశారు.

అమెరికా ఆ తర్వాత 2020 సీజన్లో లిస్కా అనే కోచ్‌తో పైకెక్కింది, 2021లో ఎ డివిజన్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచింది, 2022లో చరిత్రలో మొదటిసారి లిబర్టడోరెస్ ఆడింది. పైకి తెచ్చిన లిస్కా కూడా అప్పటికి అక్కడ లేడు.